అడగని మొక్కు

"ఇంకొకరు వచ్చినారు. తల వంచు," అంది కుప్పమ్మ కూతురితో.

హేమశ్రీ తల వంచింది. ఎదురింటావిడ ఆ గుండు మీద అరచెయ్యి పెట్టి, తీసి, తన కళ్ళకు అద్దుకుంది. పొద్దున్నించి ఆవిడ పదకొండో మనిషి.

"ఏం బిడ్డ కుప్పమ్మా. అవ్వకు కన్ను రావాలని బారెడు జుట్టు ఇచ్చేసింది. మా ఇంట్లోనూ ఉండాది ఒకటి, షాంపూ అయిపోతే ఇల్లెక్కి అరుస్తాది."

"లోపలికి రాక్కా, కాఫీ తాగు."

"కాఫీ వద్దులే. లడ్డు చిదిపి ఇంత నోట్లో ఎయ్యి."

కుప్పమ్మ కూతురి వైపు చూసింది. ఆ చూపులో నిన్న సాయంత్రం నుంచీ ఒకే ప్రశ్న ఉంది.

"లడ్డు లోహిత దగ్గర ఉండిపోయింది," అంది హేమశ్రీ నేల చూస్తూ. "హాస్టల్లో."

నిన్నటి నుంచి ఆమె నోరు తెరిచి చెప్పిన మొదటి అబద్ధం అది. అంతవరకూ నోరు తెరవాల్సిన పనే పడలేదు. అబద్ధాన్ని ఊరే అల్లి, ఊరే నమ్మింది.

తిరుపతి నుంచి నగరి దాకా బస్సులో ఆమె తయారు చేసుకున్న మాటలు వేరు. నాయన కొడితే ఏం చెప్పాలి, అమ్మ ఏడిస్తే ఏం చెప్పాలి, అన్నీ వరసగా పేర్చుకుంది. గుమ్మంలో చున్నీ తీసింది. మంచం మీద నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న అవ్వ రంగనాయకమ్మ, కంటి ఆపరేషన్ అయ్యాక మనవరాలిని చూడటం అదే మొదలు, రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"నా కన్ను కోసమా తల్లీ," అంది.

పేర్చుకున్న మాటలన్నీ గొంతులోనే కూలిపోయాయి.

"కొండకు పోతా పోతా అమ్మకొక ఫోను చెయ్యబుద్ధి కాలేదా నీకు," అంది కుప్పమ్మ, ఎదురింటావిడ గడప దాటగానే. "ఎవురితో పోయినావు? ఎప్పుడు పోయినావు?"

"అమ్మా, నేను చెప్పేది—"

"హేమా." వెనక నుంచి తండ్రి గొంతు. "షెడ్డులోకి రా."

*

షెడ్డులో నాలుగు మరమగ్గాలు ఒకేసారి ఆడుతున్నాయి. ఆ మోతలో మనిషి మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. ఏకాంబరం ముప్పై ఏళ్ళుగా ఆ మోతలో బతుకుతున్నాడు కాబట్టి తక్కువ మాట్లాడతాడు.

ఆయన రెండో నంబరు మగ్గం స్విచ్చి ఆపాడు.

నాలుగింటిలో జకార్డు ఉన్నది ఆ ఒక్కదానికే. చిల్లులు కొట్టిన అట్టలు దండలాగా పైన తిరుగుతుంటే, ఆ చిల్లుల్ని బట్టి కింద గుడ్డ మీద బొమ్మ పడుతుంది. పుత్తూరు అంగడి చీరలు సగంలో ఉన్నాయి దాని మీద. అలాంటి మగ్గాన్ని పని మధ్యలో ఆయన ఆపగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నీ అట్టలు తెచ్చినావా?"

"బ్యాగులో ఉండాయి నాయనా."

"తీసుకురా."

పోయిన నెల ఇదే చోట, ఇదే మనిషి, "ఈ కోడిజుట్టోడు నా మగ్గం ఎక్కడు" అని ఆ అట్టల కట్టను తెచ్చి గడప బయట పెట్టాడు. తిరుపతి కాలేజీలో హేమశ్రీది బొమ్మల చదువు, ఆఖరి సంవత్సరం. శనివారం ప్రదర్శన. ఆమె ఎంచుకున్న విషయం 'ఎదురు నడిచినవాళ్ళు'. అమెరికాలో యుద్ధానికి పోమని చెప్పి జుట్టు పెంచుకున్నవాళ్ళు, జపాన్ వీధుల్లో మొహానికి రంగులు పూసుకుని తిరిగిన ఆడపిల్లలు, లండన్లో చిరిగిన చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకున్న కుర్రాళ్ళు. అందరినీ కాగితాల మీద గీసింది. ఒక్క లండన్ కుర్రాడిని మాత్రం నిలువెత్తు గుడ్డ మీద నేయాలని ఆరు నెలలుగా గీసి చెరిపి, గళ్ళ కాగితం మీద దించి అట్టలు కొట్టించింది. మగ్గం దొరికితే ఆ గుడ్డ ఉంటుంది. లేకపోతే శనివారం ఆమె గోడ ఖాళీ.

ఏకాంబరం గళ్ళ కాగితాన్ని వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఎవురు వీడు?"

"లండన్లో ఉండేవాడు నాయనా. యాభై ఏండ్ల కిందట. పని లేదు, చేతిలో ఏమీ లేదు. మమ్మల్ని చూడబుద్ధి కాదు కదా మీకు, అయితే బాగా చూడండి అని జుట్టును ఇట్ల నిలబెట్టినారు."

"ఏం పెట్టి నిలబెట్టినారు?"

"సబ్బు, చక్కెర నీళ్ళు. కొందరు గంజి."

ఏకాంబరం కాగితం దించాడు. "గంజా? పడుగు పోగులకు పెడతామే, ఆ గంజా?"

"అట్లాంటిదే."

"తలకు గంజి పెట్టినోడయితే మనోడే."

నవ్వాడో లేదో ఆమెకు తెలియలేదు. మీసం మాత్రం కొంచెం కదిలింది. ఆయన వేలు కాగితం మీద జుట్టు కొసల వెంట నడిచింది.

"ఈడ చూడు. ఏటవాలుగా గీసినావు. మగ్గానికి ఏటవాలు తెలీదు, మెట్లు తెలుసు. ఒక్కో పోగుకు ఒక్కో మెట్టు దిగాల. నువ్వు మూడు పోగులకొక మెట్టు దిగినావు. దువ్వెన పండ్ల మాదిరి పడతాది."

"దువ్వెన మాదిరే కావాల నాయనా."

"కావాలనే చేసినావా?"

"కావాలనే."

"అట్లయితే సరే." కాగితం మడిచి ఇచ్చాడు. "పుత్తూరు చీరలు నాలుగు దినాలు ఆగితే ఆగనీ. శనివారం దాకా ఈ మగ్గం నీది."

"నాయనా—"

"మా అమ్మకు నేను కొడుకును. నేను మొక్కల్యా. నువ్వు మొక్కినావు." ఆయన ఇంకేదో అనబోయి, తిరిగి మొదటి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు.

"నాయనా, అది మొక్కు కాదు," అంది హేమశ్రీ.

మూడు మగ్గాల మోతలో ఆ మాట ఆమెకే వినపడలేదు.

*

పదకొండు గంటలకు మురుగేష్ వచ్చాడు. కుప్పమ్మ తమ్ముడు. పద్దెనిమిదేళ్ళుగా తిరుపతి నుంచి కొండకు యాత్రికులను కారులో తీసుకుపోతున్నాడు. అక్కకు సొరకాయ ఒకటి ఇచ్చి, అవ్వ కన్ను ఎట్లుందో కనుక్కుని, నీళ్ళు తాగి, హేమశ్రీ వెనక వచ్చి నిలబడ్డాడు.

ఎడమ చెవి వెనక చూశాడు. కుడి చెవి వెనక చూశాడు.

"ఎంత నంబరు?" అన్నాడు నెమ్మదిగా.

"ఏం నంబరు మామా?"

"మిషన్ నంబరు. జీరోనా, ఒకటా?"

హేమశ్రీ వంటింటి వైపు చూసింది. అమ్మ పప్పు రుబ్బుతోంది.

"పద్దెనిమిదేండ్లుగా వెనక సీట్లో గుండ్లు మోస్తా ఉండా పాపా. అద్దంలో చూసి చెప్తా, కత్తి పడి ఎన్ని గంటలయ్యిందని. కొండ మీద గుండు నున్నగా ఉంటాది, మేకతోలు డప్పు మాదిరి. చెవి మడతలో గంధం నిలుస్తాది. నీ తల గరుగ్గా ఉండాది. గంధం లేదు. ఇది కొండ గుండు కాదు."

"మామా, పెరట్లోకి రా."

పెరట్లో నూలు కండెలు ఎండబెట్టిన చాప పక్కన నిలబడి ఆమె మొత్తం చెప్పింది. కాలేజీలో హరినాథ్ సార్ ఆమె బొమ్మలు చూసి, "ఇవన్నీ ఎవరో తీసిన ఫోటోలు. ఇందులో నువ్వు చూసింది ఏది?" అన్నాడు. మూడు రాత్రులు ఆ మాట నిద్రపోనివ్వలేదు. ఆ కుర్రాళ్ళ మాదిరి తలతో వీధిలో నడిస్తే జనం ఎట్లా చూస్తారో, ఆ చూపు ఒంటి మీద ఎట్లా గుచ్చుకుంటుందో తెలుసుకోవాలనుకుంది.

"మూడు పార్లర్లలో మాకు చేతకాదన్నారు. బస్టాండు వెనక మునిచంద్ర అని ఒకాయన సెలూన్. రెండు పక్కలా తీసి నడిమధ్య పట్టీ వదలమంటిని. ఫోన్లో బొమ్మ గూడా చూపిస్తిని. సరే అనె. రెండు పక్కలా తీసినాడు. అద్దంలో చూసుకుంటే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి మామా. కండ్లు మూసుకుంటిని. ఆయనేమో, బాధపడొద్దు తల్లీ, స్వామికిచ్చేటప్పుడు సగం ఉంచుకోగూడదు అని, నడిమిది గూడా లాగేసినాడు."

"ఆఁ."

"డబ్బులు గూడా వద్దన్నాడు. గోవిందా అను తల్లీ అనె."

"అన్నావా?"

"అంటిని. ఏం చేసేది."

మురుగేష్ గోడ పట్టుకుని నవ్వాడు. కండ్లు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వాడు.

"నవ్వొద్దు మామా. బస్టాండు కాడి నుంచి హాస్టల్ దాకా నడిస్తిని, ఒక్కరన్నా ముక్కున వేలేసుకుంటారేమోనని. ఇద్దరు నాకు దండం పెట్టినారు. ఒకాయన బస్సులో సీటిచ్చినాడు."

"తిరపతిలో గుండు కొట్టుకోని ఊరికి ఎదురు తిరగాలనుకున్నావా? నిన్ను కాలేజీలో ఎవురు చేర్చుకున్నారే?" ఊపిరి తీసుకున్నాడు. "సరే. ఇప్పుడేంది సంగతి?"

"నాయన మగ్గం ఇచ్చినాడు."

మురుగేష్ నవ్వు ఆగిపోయింది. "నిజం తెలిస్తే?"

"లాక్కుంటాడు."

బావ సంగతి అతనికి తెలుసు. తల గోక్కున్నాడు. కారు నడిపేవాడి బుర్ర దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుకుతుంది.

"ఒక పని చెయ్. నేను నాలుగుకు బయల్దేరాల, తిరపతిలో యాత్రికుల పార్టీ ఉండాది. పుస్తకాలు మర్చిపోయినానని చెప్పి నా బండెక్కు. నేరుగా కొండకు ఎక్కిస్తా. ఉండే గరుకు మీద కత్తి పెట్టించుకో. ఏడుకల్లా నీ అబద్ధం నిజమైపోతాది. లడ్డు గూడా చేతికొస్తాది."

హేమశ్రీ ఆ ఉపాయం ఎంత చక్కగా ఉందో చూస్తూ నిలబడింది. ఎవరికీ నష్టం లేదు. మగ్గం ఉంటుంది, గుడ్డ ఉంటుంది, నాయన కళ్ళల్లో పొద్దున కనిపించినది కూడా ఉంటుంది.

"నాలుగు లోపల చెప్పు," అన్నాడు మురుగేష్. "నేను మాత్రం ఎవురికీ చెప్పను."

*

"హేమా, ఈడికి రామ్మే."

అవ్వ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పక్కన కూర్చోబెట్టుకుని మనవరాలి తల తడిమింది. తడుముతూనే ఉంది.

"నీకొకటి చెప్పాల. మీ నాయనకు చెప్పొద్దు."

"ఏందవ్వా?"

"ఆపరేషన్ బల్ల మీద పండబెట్టినారు. భయమయ్యింది. స్వామీ, నాకు కన్నియ్యి, నా మనవరాలి జుట్టు నీకిస్తానని మొక్కేస్తిని."

హేమశ్రీ అవ్వ నల్లద్దాల్లోకి చూసింది.

"నాదిస్తాననొచ్చు గదా అంటావు. నాది ఎలక తోక. అదిచ్చేకి నాకే సిగ్గయ్యింది. నీది బారెడు. ఆ గడియలో నోటికి అదే వచ్చింది." అవ్వ గొంతు తగ్గించింది. "కన్నొచ్చింది. వచ్చిన కాడి నుంచి నిద్ర పట్టల్యా. దాని జుట్టు దాన్ని అడక్కుండా ఇచ్చేసినానే, ఇప్పుడే మొగం పెట్టుకోని అడిగేది, వద్దంటే ఏం చేసేది అని. ఇరవై దినాలు నాలో నేనే కుమిలితిని. నిన్న నువ్వు చున్నీ తీసినావు. నేను అడక్కనే, నీ అంతట నువ్వు. నా నెత్తిన ఉండే బండ దింపేసినావు తల్లీ."

ఎండిన పెదవులు హేమశ్రీ గుండు మీద ఆనాయి.

ఊరంతా దండం పెట్టినా మోయగలిగింది. ఈ ఒక్క ముద్దు మోయలేకపోయింది. ఆమె లేచి నిలబడింది. కొండ దారి ఎంత చక్కగా ఉన్నా, ఆ దారిన పోతే అవ్వ జీవితాంతం తనకు దండం పెడుతూనే ఉంటుంది.

"అన్నానికి రాండి," అని కుప్పమ్మ పిలిచింది.

*

రాగిసంగటి ముద్దలు పళ్ళేల్లో పడ్డాయి. ఏకాంబరం మొదటి ముద్ద పప్పులో ముంచాడు.

"నేను కొండకు పోలేదు," అంది హేమశ్రీ.

మురుగేష్ దగ్గాడు. "పాపా, నాలుగు దాకా టైముంది గదా."

"లేదు మామా. నాయనా, నేను మొక్కలేదు. నా బొమ్మల కోసం తీయించుకుంటిని. ఆ లండన్ వాడి మాదిరి. సెలూనాయన మొక్కనుకుని మొత్తం తీసేసినాడు. నిన్న చెప్పాలనుకుంటిని. చెప్పలేకపోతిని. ఈ పొద్దు మగ్గం ఇచ్చినప్పుడు చెప్తిని, నీకు వినపడలేదు. గట్టిగా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు."

అన్నం వేళకు మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. వాకిట్లో కోడి ఒకటి గింజలు ఏరుకుంటోంది, దాని ముక్కు చప్పుడు వినిపించింది.

"సెలూన్లోనా," అంది కుప్పమ్మ చివరికి. "మగోళ్ళ సెలూన్లోనా?"

"అమ్మా—"

"ఆ కుర్చీలో కూర్చున్నావా నువ్వు? ఆ గుడ్డ మెడకు కట్టించుకున్నావా? ఎంతమంది మీసాలు తుడిసిన గుడ్డో అది."

"అక్కా, ఇప్పుడు గుడ్డ గురించా," అన్నాడు మురుగేష్.

"నువ్వు నోర్ముయ్. నీకు ముందే తెలుసు. నీ మొగం చూస్తే తెలస్తా ఉండాది. లడ్డు లోహిత దగ్గర ఉండాదంట. పదకొండు మంది ముందర నా చేత తల వంచమనిపించినావు గదే."

ఏకాంబరం ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "జుట్టు ఏమయ్యింది?"

"ఊడ్చినాడు నాయనా."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. పళ్ళెంలో ముద్ద అలాగే ఉంది. షెడ్డులోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతుల్లో అట్టల కట్ట ఉంది. మంచి తాడుతో శ్రద్ధగా కట్టి ఉంది. దాన్ని కూతురి ముందు పెట్టాడు.

"కోపం జుట్టుకు కాదు," అన్నాడు. అంతే.

అరవలేదు. అరిచి ఉంటే హేమశ్రీకి తేలిగ్గా ఉండేది.

అప్పుడు అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. మొదట ముక్కులోంచి చిన్నగా. తర్వాత భుజాలు ఊగేటట్టు.

"అయితే నా మొక్కు అట్లనే ఉండాది. స్వామి నాతో ఆట ఆడినాడు. అడక్కుండా ఇస్తివి గదా రంగనాయకమ్మా, నాకందకుండా చేస్తి చూడు అన్నాడు."

"ఏం మొక్కు?" అన్నాడు ఏకాంబరం.

అవ్వ చెప్పింది. దాచకుండా, ఎలక తోకతో సహా చెప్పింది. ఏకాంబరం తల్లినీ, కూతురినీ మార్చి మార్చి చూశాడు. ఎవరి మీద కోప్పడాలో తేల్చుకోలేని మనిషి చూపు అది.

"నేనే ఇస్తా," అంది అవ్వ. "డాక్టరు నిన్నటి నుంచి తలకు పోసుకోవచ్చన్నాడు."

"నీ వయసుకు ఇప్పుడు గుండు ఏంటికమ్మా. నేనిస్తా."

"నా కన్ను. నా మొక్కు. నా తల. నడిమధ్య నువ్వెవురు?"

అవ్వ కొప్పులోంచి పిన్నులు లాగింది. గుప్పెడు తెల్ల వెంట్రుకలను వెనక్కి గట్టిగా లాగి, పిడికిట్లో దాచి, నల్లద్దాల మొహం కోడలి వైపు తిప్పింది. గడ్డం ముందుకు పెట్టింది.

"ఎట్లుంటానే కుప్పమ్మా?"

"రౌడీ మాదిరి ఉండావత్తా," అంది కుప్పమ్మ, కోపం ఇంకా దిగకుండానే.

హేమశ్రీ చూసింది.

ఆరు నెలలుగా వెతుకుతున్న మొహం సంగటి పళ్ళెం ముందు కూర్చుని ఉంది. గంజి పెట్టుకున్న ఆ లండన్ కుర్రాడు ఎదుటివాళ్ళను అదరగొట్టాలని చూస్తాడు. ఈమె ఎవర్నీ అదరగొట్టడం లేదు, ఎవర్నీ అడగడం లేదు. డెబ్బై నాలుగేళ్ళకు తన తల తనదని ఒక్క మాటలో తేల్చేసి, ఎట్లుంటానని సరదాగా అడుగుతోంది.

చెయ్యి కడుక్కోకుండానే హేమశ్రీ లేచింది. అట్టల కట్టను దాటుకుని వెళ్ళి బ్యాగులోంచి గళ్ళ కాగితం, పెన్సిలు తీసింది. గోడకు ఆనుకుని గీయడం మొదలుపెట్టింది. అద్దాలు రెండు నల్లటి చదరాలు. నుదురు. జుట్టు లేని తల గుండ్రం, ఒక్కో పోగుకు ఒక్కో మెట్టుగా. గడ్డం కింద ముడతలు మూడు.

"ఇది తిక్కదయిపోయింది," అంది కుప్పమ్మ. "మగ్గం పోయింది, మాట పోయింది, కూర్చోని బొమ్మ గీస్తా ఉండాది."

గంటన్నర తర్వాత ఏకాంబరం వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఆ అట్టలు నాకొద్దు నాయనా," అంది హేమశ్రీ తల ఎత్తకుండా. "వాడిని నేను చూడలేదు. ఎవురో తీసిన ఫోటోలో చూస్తిని. ఈమెను చూసినా."

"ఈ పొద్దు సోమవారం," అన్నాడు ఏకాంబరం. "గ్రాఫు నింపేకి రెండు దినాలు. అట్టలు కొట్టేకి ధర్మేంద్ర ఒక దినం అడగతాడు. మగ్గానికి కట్టేకి ఒక దినం. శుక్రవారం సాయంత్రానికి గుడ్డ దిగాల."

ఆమె పెన్సిలు ఆగింది.

"మగ్గం ఇస్తానని నేననల్యా," అన్నాడాయన. "లెక్క చెప్పినా."

"బావా, లెక్క చెప్పినావంటే ఇచ్చినట్టే," అన్నాడు మురుగేష్.

"నీ పార్టీకి టైం కాలేదా?"

"ఎవురిదే ఆ బొమ్మ?" అంది అవ్వ మంచం మీద నుంచి.

అవ్వ లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి కాగితం చేతిలోకి తీసుకుంది. దూరంగా పట్టుకుంది. దగ్గరికి తెచ్చుకుంది.

"గుండుతో గీసినావు."

"ఊఁ."

"నేనింకా కొట్టించుకోనేలేదు. ఇది యాడ పెడతావు?"

"తిరపతిలో అవ్వా. కాలేజీ గోడ మీద. నీ ఎత్తు గుడ్డ. ఊరంతా వచ్చి చూస్తాది."

"ఎవురినడిగి గీసినావే?"

ఆ గొంతులో నవ్వు లేదు. హేమశ్రీ తలవంచుకుని ఊరుకుందామనుకుంది. నోరు ఊరుకోలేదు.

"నువ్వెవురినడిగి మొక్కినావు?"

కుప్పమ్మ చేతిలో గరిటె ఆగింది. మురుగేష్ బయటికి పోదామని అడుగు వేసి, పోలేక గుమ్మంలో నిలబడిపోయాడు. ఏకాంబరం కూతురిని అదలించడానికి నోరు తెరిచాడు, తల్లి చెయ్యెత్తి ఆపింది.

"సరిగ్గా అడిగింది," అంది అవ్వ. "నా కొడుక్కు ఎదురడిగేది నేర్పలేదు, దీనికి ఎవురు నేర్పినారో." గోడకు ఆనుకుని నిలబడింది. "అయితే ఈసారి ఇద్దరం అడుగుదాం. నువ్వు ముందర."

హేమశ్రీ పెన్సిలు కింద పెట్టింది. "అవ్వా, నీ మొగం నాకిస్తావా? గుండుతో, అద్దాలతో, ముడతలతో. ఊరంతా చూసేటట్టు."

"ఇప్పుడు నేను." అవ్వ చెయ్యి మనవరాలి తల మీదికి వెళ్ళి, ఆ గరుకు మీద ఆగింది. "నీ జుట్టు చెత్తలో పోయింది. మిగిలింది ఇంతే. నాతో కొండకు వచ్చి ఇది నా మొక్కుకిస్తావా? ఇష్టం లేకుంటే వద్దను. నేను అలగను. నాది నేనిచ్చుకుంటా."

ఇస్తే ఆమె ఆ ఊరికి మళ్ళీ మొక్కు తీర్చుకున్న పిల్లే. మగోళ్ళ సెలూన్లో ఎక్కిన కుర్చీ, ఏడ్చి కళ్ళు మూసుకున్న ఆ నిమిషం, అన్నీ కత్తి కింద నున్నగా పోతాయి. వద్దంటే ఆ ముసలి చెయ్యి మాట మీద నిలబడి వెనక్కి పోతుంది. అది ఆమెకు తెలుసు. అందుకే ఆ చేతి కిందే తల ఉంచింది.

ఏకాంబరం ఆ ఇద్దరి మధ్య నుంచి కాగితం లాక్కున్నాడు. చెవి మీద ఉన్న పెన్సిలు తీసి, నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"మా అమ్మ చెవి ఇట్లుండదు," అని గొణిగి, కూతురు గీసిన చెవిని చెరిపేశాడు.

గుమ్మం బయట మురుగేష్ కారు స్టార్ట్ చేశాడు.

"నాలుగయ్యింది అక్కా," అని అరిచాడు. "బండిలో నలుగురికి చోటుంది. ఎవురెవురు వస్తారో చెప్పండి."

అవ్వ గడప దాకా నడిచి వెనక్కి తిరిగింది. "నేనడిగిందానికి జవాబు చెప్పు హేమా. అప్పుడు నువ్వడిగిందానికి చెప్తా."

హేమశ్రీ చెయ్యి తన తల మీదికి వెళ్ళింది.